చిన్న టెలిస్కోప్‌తో సూర్యుణ్ణి చూడటం ఎలా: కంటికి ముప్పు లేకుండా, ఫోకస్ కుదిరేలా

నా మొదటి టెలిస్కోప్ పెట్టెలో రూపాయి బిళ్ళంత నల్లటి అద్దం ఒకటి వచ్చింది. దాని అంచు మీద ‘సన్’ అని రాసి ఉంది. ఐపీస్ (కన్ను పెట్టి చూసే చిన్న కటకాల గొట్టం) అడుగున తిప్పి బిగిస్తే చాలు, సూర్యుణ్ణి చూడొచ్చని లోపలి కాగితంలో బొమ్మ వేసి మరీ చెప్పారు. నమ్మాను. డాబా మీద పెట్టుకుని రెండు మూడు నిమిషాలు చూశాను కూడా. ముదురాకుపచ్చ రంగులో సూర్యుడు, మధ్యలో రెండు నల్ల చుక్కలు. చెల్లికి చూపిద్దామని కన్ను తీసి, మెట్ల వైపు తిరిగి పిలిచాను. వెనక ‘టిక్’మని చిన్న చప్పుడు. తిరిగి చూస్తే నా చొక్కా చేతి మీద తెల్లటి వెలుగు మచ్చ పడి ఉంది. అద్దం నిలువునా చీలింది.

ఆ క్షణంలో నా కన్నో, చెల్లి కన్నో ఐపీస్ దగ్గర ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన ఇన్నేళ్ళయినా నన్ను వదల్లేదు. చిన్న టెలిస్కోప్‌తో సూర్యుణ్ణి చూడటం నిజంగా గొప్ప అనుభవం, పగటిపూట ఇంతకంటే మంచి దృశ్యం ఆకాశంలో లేదు. కానీ పద్ధతి తెలియకుండా మొదలుపెట్టకూడదు. అందుకే ఫోకస్ సంగతికి వచ్చే ముందు ఫిల్టర్ గురించి కాస్త ఎక్కువే రాస్తున్నాను, దాటేయకుండా చదవండి.

ఫిల్టర్ ముందు మూతికే ఉండాలి

ఎండలో మన కంటిపాప రెండు మిల్లీమీటర్ల దాకా ముడుచుకుంటుంది. 70 మి.మీ. టెలిస్కోప్ కటకం దానికంటే వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ వెలుగును పోగు చేస్తుంది. చిన్నప్పుడు భూతద్దంతో ఎండుటాకు కాల్చినవాళ్ళకు ఆ వెలుగంతా ఒకచోట చేరితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అది చేరే చోటు ఐపీస్ దగ్గరే. అక్కడ పెట్టిన అద్దం వేడికి ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది. ఎప్పుడన్నది ముందుగా తెలియదు. కాబట్టి వెలుగు గొట్టంలోకి అడుగుపెట్టక ముందే తగ్గిపోవాలి. అంటే ఫిల్టర్ టెలిస్కోప్ ముందు భాగాన్ని, పెద్ద కటకాన్ని మొత్తంగా మూసి ఉండాలి. మీ పెట్టెలోనూ అలాంటి నల్ల బిళ్ళ వచ్చి ఉంటే దాచుకోకండి, ఇంకొకరికి ఇవ్వకండి. కాగితంలో చుట్టి సుత్తితో పగలగొట్టి పారేయండి.

ఇంకో మాట. కంటి లోపలి తెర అయిన రెటీనాకు నొప్పి తెలియదు. కాలుతున్నా మనకు తెలియదు. కొన్ని గంటల తర్వాత చూపు మధ్యలో మసక మచ్చ కనిపించినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. అందుకే ‘కొంచెం చూసి, మండితే తీసేస్తా’ అన్న లెక్క ఇక్కడ పనికిరాదు. పొరపాటున ఎవరైనా ఫిల్టర్ లేకుండా చూసి ఉంటే, ఏమీ అనిపించకపోయినా అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

కొనాల్సింది టెలిస్కోపుల కోసమే తయారైన సోలార్ ఫిల్మ్. బాడర్ కంపెనీ ఆస్ట్రోసోలార్ ఫిల్మ్ అందరికీ తెలిసినది, ఏ4 సైజు షీటుగా దొరుకుతుంది. అందులో రెండు రకాలున్నాయి, ఇక్కడే జాగ్రత్త. కంటితో చూడటానికి 5.0 అని రాసి ఉన్నది తీసుకోవాలి. అది లక్ష వంతుల వెలుగులో ఒక్క వంతునే లోపలికి పంపుతుంది. 3.8 అన్నది కెమెరాల కోసం, దాదాపు పదహారు రెట్లు ఎక్కువ వెలుగు వదులుతుంది. దాంతో కన్ను పెట్టి చూడకూడదు. రెండూ చూడటానికి ఒకేలా మెరుస్తుంటాయి కాబట్టి, షీటు కవరు పారేయకుండా ఫిల్టర్‌తో పాటే ఉంచండి.

ఎక్స్‌రే ఫిల్ములు, సీడీలు, మసి పట్టించిన గాజు, నల్ల కళ్ళద్దాలు ఇవేవీ టెలిస్కోప్‌కి పనికిరావు. గ్రహణం రోజున మన ఇళ్ళల్లో పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి అందులో సూర్యుణ్ణి చూపిస్తారు. ఆ ప్రతిబింబాన్ని మామూలు కంటితో చూడటమే క్షేమం కాదు, ఇక టెలిస్కోప్ దాని వైపు తిప్పడం గురించి ఆలోచించనే వద్దు. గ్రహణం కళ్ళజోళ్ళు కూడా, వాటి మీద ఐఎస్ఓ 12312-2 అన్న భద్రతా ప్రమాణం గుర్తు ఉన్నా సరే, మామూలు కంటితో చూడటానికే. అవి పెట్టుకుని ఫిల్టర్ లేని టెలిస్కోప్‌లోకి చూస్తే పోగైన వెలుగు వాటిని క్షణంలో తూట్లు పొడిచి కంట్లోకి వెళ్తుంది.

చాలా టెలిస్కోపుల మూతకు మధ్యలో చిన్న బిరడా ఉంటుంది, తీస్తే చిన్న కన్నం కనిపిస్తుంది. సూర్యుణ్ణి చూసేటప్పుడు ఆ బిరడా మాత్రం తీయాలని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. కన్నం ఫిల్టర్ కాదు. వెలుగు కాస్త తగ్గుతుంది, కన్ను పోవడానికి ఆ మిగిలిందే చాలా ఎక్కువ. ఆ కన్నానికి నిజంగా ఉన్న ఉపయోగం వేరు, కింద చెబుతాను.

ఫిల్టర్ మూత చేసుకోవడం

తయారైన ఫిల్టర్ మూతలు దొరుకుతాయి. కానీ ఇంట్లో చేసుకున్నది కూడా అంతే బాగా పనిచేస్తుంది, మీ గొట్టానికి సరిగ్గా సరిపోతుంది.

దళసరి చార్టు పేపరును ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పు పట్టీగా కోసి, టెలిస్కోప్ మూతి చుట్టూ రెండు మూడు వరసలు చుట్టి జిగురుతో అంటించండి. మరీ బిగుతుగా వద్దు, లాగితే రావాలి, వంచితే జారకూడదు. అట్టపెట్టె ముక్కతో రెండు రింగులు కోయండి. లోపలి కన్నం మీ కటకం అంత ఉండాలి. ఒక రింగుకు రెండువైపులా అంటుకునే టేపు వేయండి. ఇప్పుడు బల్ల మీద టిష్యూ పేపరు పరిచి, దాని మీద ఫిల్మ్‌ను వదులుగా పరిచి, రింగును పై నుంచి మెల్లగా వాల్చండి. ఫిల్మ్‌ను లాగి బిగించాలని చెయ్యి ఊరుకోదు, ఆపుకోండి. ముడతలుంటే బొమ్మకేమీ కాదు. బిగుతుగా లాగితేనే బొమ్మ చెడుతుంది. రెండో రింగును పైన అంటించి, ఆ జతను కాగితం గొట్టానికి అతికిస్తే పని అయిపోయినట్టే.

చవక టెలిస్కోపుల్లో ముందున్న నల్ల తొడుగు చాలాసార్లు ఊరికే తొడిగినదే ఉంటుంది. మరలు ఉండవు. ఫిల్టర్‌ని దాని మీద తగిలిస్తే, గాలి వచ్చినప్పుడు తొడుగుతో సహా ఊడి కింద పడుతుంది. అందుకని ముందు తొడుగును గొట్టానికి టేపుతో అతికించి, తర్వాత ఫిల్టర్‌ని తొడుగుకు మూడు చోట్ల ఇన్సులేషన్ టేపుతో పట్టించండి. ఫిల్టర్ ఎంత బిగుతుగా కూర్చున్నా నేను టేపు వేయకుండా ఎప్పుడూ చూడను.

ప్రతిసారీ తగిలించే ముందు ఫిల్మ్‌ను వెలుగుతున్న బల్బుకు అడ్డంగా పెట్టి చూడండి. ఎక్కడైనా సూది మొనంత చుక్క నక్షత్రంలా మెరిస్తే అక్కడ కన్నం పడిందని. అప్పుడు ఆ ఫిల్మ్ తీసేసి కొత్త ముక్క వేయండి. ఒక్క షీటులో చిన్న టెలిస్కోప్‌కి నాలుగైదు ముక్కలు వస్తాయి, పీనాసితనం వద్దు.

ఆఖరిది, మనవాళ్ళు ఎక్కువగా మరిచిపోయేది ఫైండర్. గొట్టం మీద ఉండే ఆ బుల్లి దుర్భిణికి ఫిల్టర్ లేదు. పిల్లలు దానికే ముందు కన్ను పెడతారు, వాళ్ళ ఎత్తుకు అదే అందుతుంది. మూతలు వేస్తే చాలదు, స్క్రూలు వదులు చేసి దాన్ని పూర్తిగా ఊడదీసి ఇంట్లో పెట్టి రండి.

ఎప్పుడు, ఎక్కడ

సూర్యోదయం అయ్యాక ఒక గంట నుంచి రెండున్నర గంటల లోపు బాగుంటుంది. మరీ దిగువన ఉంటే వెలుగు ఎక్కువ గాలిని దాటి రావాలి. మరీ ఆలస్యమైతే నేల కాగి వేడి గాలి పైకి లేస్తుంది. వేసవిలో మన దగ్గర పది గంటలు దాటితే సూర్యుడి అంచు మరుగుతున్న పాల మీగడలా కదులుతుంది. పైగా మే నెలలో మధ్యాహ్నం సూర్యుడు నెత్తి మీదికి వచ్చేస్తాడు, గొట్టాన్ని అంత నిటారుగా లేపితే ట్రైపాడ్ కాళ్ళకు తగులుతుంది.

డాబా సిమెంటు కంటే మట్టి నేల, గడ్డి నేల మేలు. డాబా తప్పదంటే ట్రైపాడ్ చుట్టూ రెండు బకెట్ల నీళ్ళు చల్లండి, తేడా మీకే కనిపిస్తుంది. ఎదురుగా రేకుల కప్పు గానీ, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ గానీ ఉంటే వాటి పై నుంచి చూడకుండా చోటు మార్చండి. ట్రైపాడ్ మధ్యలో అయిదు లీటర్ల నీళ్ళ క్యాను వేలాడదీస్తే ఊగడం సగానికి తగ్గుతుంది.

సూర్యుడి వైపు తిప్పే ముందే ఫోకస్

సోలార్ ఫిల్టర్ పెట్టాక ఐపీస్‌లో సూర్యుడు తప్ప ఇంకేదీ కనిపించదు. అంతా చీకటి. గురి తప్పిందో, ఫోకస్ తప్పిందో తెలియక కొత్తవాళ్ళు గురినీ ఫోకస్ నాబ్‌నీ ఒకేసారి తిప్పేస్తూ అరగంట టెన్షన్ పడతారు. రెండూ ఒకేసారి వెతకకూడదు. ఫోకస్ ముందుగానే కుదుర్చుకోవాలి.

అన్నిటికంటే మంచి దారి, ముందు రోజు రాత్రి చంద్రుడి మీద ఫోకస్ చేసి, లోపలి గొట్టం ఎంత బయటికి వచ్చిందో అక్కడ పెన్సిల్‌తో సన్నటి గీత గీసుకోవడం. ఏ ఐపీస్‌తో చేశారో గీత పక్కన రాసుకోండి, ఒక్కో ఐపీస్‌కి ఒక్కో చోటు. చంద్రుడు లేని రోజుల్లో అయితే, ఫిల్టర్ పెట్టక ముందు, సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా నిలబడి దూరంగా ఉన్న సెల్ టవర్ మీదో, కొండ మీద గుడి గోపురం మీదో ఫోకస్ చేయండి. ఎంత దూరం ఉండాలి? 700 మి.మీ. ఫోకల్ లెంగ్త్ (కటకం నుంచి దూరపు వస్తువు బొమ్మ ఏర్పడే చోటికి ఉన్న దూరం) ఉన్న టెలిస్కోప్‌కి, రెండు కిలోమీటర్ల దూరంలోని టవర్‌కీ సూర్యుడికీ ఫోకస్ తేడా పావు మిల్లీమీటరే. అదే రెండు వందల మీటర్ల దూరంలోని నీళ్ళ ట్యాంకు అయితే తేడా రెండున్నర మిల్లీమీటర్లకు పెరుగుతుంది, గొట్టాన్ని ఆ మేరకు లోపలికి తిప్పుకోవాలి. దగ్గరి వేపచెట్టు మీద ఫోకస్ చేసి సూర్యుడి వైపు తిప్పితే ఏమీ కుదరనిది అందుకే.

ఈ పని పూర్తయ్యాక, గొట్టం ఇంకా సూర్యుడి వైపు లేనప్పుడే ఫిల్టర్ తొడిగి, టేపు వేయండి. ఆ తర్వాతే గొట్టాన్ని సూర్యుడి దిక్కుకు తిప్పండి. ఐపీస్ వైపు ఎవరూ లేకుండా చూసుకోండి.

నీడతో గురి

గొట్టం వెంట కన్ను పెట్టి సూర్యుడి వైపు చూడొద్దు. నేల మీద నీడ చూడండి. గొట్టం పక్కకు ఉన్నంతసేపు నీడ పొడుగ్గా దొండకాయలా ఉంటుంది. గొట్టాన్ని మెల్లగా కదుపుతూ ఉంటే నీడ కురుచవుతూ వచ్చి, గురి కుదిరిన చోట గుండ్రంగా, అన్నిటికంటే చిన్నగా అవుతుంది. అంతే, సూర్యుడు ఐపీస్ లోపలో, అంచుకు కాస్త అవతలో ఉంటాడు. పొద్దున్న నీడ నేల మీద దూరంగా పడుతుంది కాబట్టి గొట్టం వెనక ఒక తెల్ల అట్ట పట్టుకుంటే సులువు.

ఐపీస్ పెద్దది వేయండి, అంటే 25 మి.మీ.ది. 700 మి.మీ. టెలిస్కోప్‌లో అది 28 రెట్లు పెంచి చూపిస్తుంది. అర డిగ్రీ వెడల్పున్న సూర్యుడు పూర్తిగా పట్టి, చుట్టూ ఖాళీ కూడా మిగులుతుంది. సూర్యుడు రెండు మూడు నిమిషాల్లో పక్కకి జారిపోతూ ఉంటాడు. భూమి తిరుగుడు అది, టెలిస్కోప్ లోపం కాదు. అతను జారే వైపు పడమర అని గుర్తుపెట్టుకోండి, తర్వాత బొమ్మ గీసేటప్పుడు పనికొస్తుంది.

ఇక ఫోకస్

తల మీద నల్ల గుడ్డ గానీ, ముదురు రంగు తువ్వాలు గానీ కప్పుకోండి. పక్కల నుంచి వచ్చే ఎండ ఐపీస్ మీద పడుతుంటే సన్నటి వివరాలు మీ కంటికి ఆనవు. ఇది చాలామంది చేయరు, చేసినవాళ్ళు మళ్ళీ మానరు.

మొదట సూర్యుడి మీద నల్ల చుక్కల్లా కనిపించే మచ్చల కోసం వెతక్కండి. సూర్యుడి అంచును చూడండి. ఫోకస్ తప్పినప్పుడు అంచు దూదిలా, పొగలా పలుచబడి నల్లటి ఆకాశంలో కలిసిపోతుంది. నాబ్‌ను ఒక వైపు మెల్లగా తిప్పండి. పొగ పెరుగుతుంటే అది తప్పు వైపు, వెనక్కి రండి. అంచు క్రమంగా సన్నబడి, చాకుతో కోసినట్టు తెగుతుంది. అక్కడ ఆగకండి, ఇంకొంచెం ముందుకు తిప్పి మళ్ళీ మసకబారనివ్వండి. తిరిగి వెనక్కి రండి. ఇలా అటూ ఇటూ, ప్రతిసారీ తక్కువ దూరం తిప్పుతూ, రెండు మసకల నడుమ చోటులో ఆపండి. ‘బాగానే ఉంది’ అనిపించిన మొదటి చోటే ఆగిపోయేవాళ్ళు అసలు ఫోకస్ దాకా ఎప్పుడూ చేరరు.

నాబ్ ముట్టుకుంటే చిన్న టెలిస్కోప్ వణుకుతుంది. వణుకుతుండగా ఫోకస్ తెలియదు. కొంచెం తిప్పండి, చెయ్యి తీసేయండి, మూడు అంకెలు లెక్కపెట్టండి, అప్పుడు చూడండి. నాబ్‌ను గుప్పెట పట్టకుండా రెండు వేళ్ళతో తాకితే చాలు. గొట్టం పైకి ఎత్తి ఉన్నప్పుడు ఐపీస్ బరువుకు లోపలి గొట్టం దానంతటదే జారుతుంటే, ఫోకస్ నాబ్ దగ్గరున్న చిన్న బిగింపు స్క్రూను పావు చుట్టు బిగించండి.

అంచు తెగినట్టు కనిపించాక ఇప్పుడు మచ్చ దగ్గరికి రండి. మంచి మచ్చలో రెండు పొరలుంటాయి, మధ్యలో కటిక నలుపు, చుట్టూ బూడిద రంగు. ఆ రెంటి మధ్య గీత విడిగా కనిపించేదాకా నాబ్‌ను వెంట్రుకవాసి కదపండి. పెద్ద మచ్చ పక్కన ఇంకా చిన్న చుక్కలు ఒక్కొక్కటే బయటికి వస్తుంటాయి. ఒక్క నిమిషం ముందు ఏమీ లేని చోట మూడు చుక్కలు పుట్టుకొచ్చినట్టుంటుంది. నాకు ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ నిమిషం కోసమే పొద్దున్నే లేవాలనిపిస్తుంది.

సూర్యుడి అంచు వైపు వెలుగు కాస్త తగ్గి, మధ్యలో ఎక్కువగా ఉంటుంది. అది ఫోకస్ లోపం కాదు, నిజంగానే సూర్యుడు అలా ఉంటాడు. మధ్యలో మనం లోతుగా, ఎక్కువ వేడి ఉన్న పొర దాకా చూస్తాం. అంచు దగ్గర ఏటవాలుగా చూడటం వల్ల పైనున్న చల్లటి పొరే కనిపిస్తుంది.

28 రెట్ల దగ్గర ఫోకస్ కుదిరాకే 10 మి.మీ. ఐపీస్‌కి మారండి. 70 రెట్లలో సూర్యుడు దాదాపు ఐపీస్ నిండా ఉంటాడు. ఫోకస్ మళ్ళీ చేసుకోవాలి. పెట్టెలో వచ్చే 4 మి.మీ. ఐపీస్, దానికి తోడు మూడు రెట్ల బార్లో (బొమ్మను ఇంకా పెంచే అదనపు కటకం) కలిపితే 525 రెట్లు అవుతుందని డబ్బా మీద రాస్తారు. 70 మి.మీ. కటకం బాగున్న గాలిలో కూడా 140 రెట్లకు మించి భరించదు. పగటి గాలిలో నూరు దాటడం అరుదు. ఆ రెండూ పెట్టెలోనే ఉండనివ్వండి.

కళ్ళద్దాలు వాడేవాళ్ళు దగ్గరి చూపు, దూరపు చూపు తేడా కోసమే అయితే తీసేసి చూడొచ్చు, నాబ్ ఆ తేడాను సరిచేస్తుంది. ఆస్టిగ్మాటిజం (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేని లోపం) ఎక్కువ ఉంటే పెట్టుకునే చూడండి, దాన్ని నాబ్ సరిచేయలేదు. ఇంట్లో నలుగురు చూస్తుంటే ఒకరి ఫోకస్ ఇంకొకరికి కుదరదు. ‘నాకేం కనపడట్లేదు’ అని పిల్లవాడు వెనక్కి తిరిగితే, నాబ్ మీద వాడి వేలు పెట్టి తిప్పడం నేర్పండి.

అయినా కుదరకపోతే

అంచు ఒక క్షణం తెగినట్టు, మరుక్షణం కరిగినట్టు అలలు అలలుగా కదులుతుంటే ఫోకస్ సరిగ్గానే ఉంది, గాలే బాగోలేదు. అప్పుడు నాబ్ తిప్పుతూ కూర్చోకండి. చెయ్యి తీసేసి ఒకే మచ్చ మీద కన్ను నిలపండి. ప్రతి పది పదిహేను సెకన్లకు గాలి ఒక్క క్షణం నిలబడుతుంది, ఆ క్షణంలో చూసేయాలి. ఎంతసేపైనా ఒకేలా మసకగా ఉంటే మాత్రం తప్పు ఫోకస్‌లోనే ఉంది.

నాబ్ చివరిదాకా తిప్పినా ఫోకస్ అందకపోతే, మధ్యలో ఉండే వంపు ముక్క, అంటే డయాగొనల్, పెట్టారో లేదో చూడండి. కటకం టెలిస్కోపుల్లో అది లేకుండా లోపలి గొట్టం పొడవు చాలదు. బార్లో తగిలించి ఉంటే తీసేయండి. అద్దం టెలిస్కోపులకు డయాగొనల్ అక్కర్లేదు, పెడితే వాటికే ఫోకస్ అందదు.

ఒక చుక్క కనిపించి అది మచ్చో దుమ్మో తేలకపోతే ఐపీస్‌ను దాని చోట్లోనే గుండ్రంగా తిప్పండి. ఐపీస్‌తో పాటు తిరిగితే దుమ్ము. సూర్యుడితో పాటు జారిపోతే మచ్చ.

అసలు ఆ రోజు మచ్చలే లేకపోవచ్చు. అమెరికా నాసా వాళ్ళ సోలార్ డైనమిక్స్ అబ్జర్వేటరీ 2010 నుంచి సూర్యుణ్ణి ఫొటోలు తీస్తూనే ఉంది, ఆ రోజు బొమ్మ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పొద్దున్నే ఒకసారి చూసుకుని టెలిస్కోప్ బయటికి తీస్తే ఏ మచ్చ ఎక్కడుందో తెలుస్తుంది. మచ్చల సంఖ్య సుమారు 11 ఏళ్ళకోసారి పెరిగి తగ్గుతుంటుంది. 2019లో ఎక్కువ రోజులు మచ్చ ఒక్కటీ లేదు. 2024 మే నెలలో మాత్రం ఒక మచ్చల గుంపు ఎంత పెద్దదంటే, టెలిస్కోప్ లేకుండా గ్రహణం కళ్ళజోడుతోనే కనిపించింది.

తెల్ల కాగితం మీద సూర్యుడు

ఫిల్టర్ దొరకనివాళ్ళకు, ఒకేసారి పదిమంది పిల్లలకు చూపించాలనుకునే టీచర్లకు ఇంకో దారి ఉంది. ఐపీస్‌లోంచి వచ్చే వెలుగును తెల్ల కాగితం మీద పడేయడం. గెలీలియో కాలంలో సూర్యుడి మచ్చలను ఇలాగే గీశారు. కానీ ఇందులో టెలిస్కోప్‌కి ఫిల్టర్ ఉండదు. ఐపీస్ దగ్గరికి కన్ను గానీ వేలు గానీ వెళ్ళకూడదు. టెలిస్కోప్ పక్కన పెద్దవాళ్ళు ఒకరు ఆఖరిదాకా కదలకుండా నిలబడాలి. అలా నిలబడే మనిషి లేకపోతే ఈ పద్ధతి మొదలుపెట్టొద్దు.

చిన్న కటకం టెలిస్కోపులకే ఇది పనికొస్తుంది. అద్దం టెలిస్కోపుల్లో, కటకం, అద్దం రెండూ ఉండే పొట్టి గొట్టపు మాక్సుటోవ్ టెలిస్కోపుల్లో లోపలి భాగాలు వేడికి పాడవుతాయి. మూతలో చిన్న కన్నం ఉందన్నానే, దాని అవసరం ఇక్కడ. మూత ఉంచి బిరడా మాత్రం తీస్తే లోపలికి వెళ్ళే వేడి బాగా తగ్గుతుంది. ఐపీస్ మాత్రం ప్లాస్టిక్‌ది కాకుండా మామూలు చవక 25 మి.మీ.ది వాడండి, ఖరీదైన వాటిలో కటకాలను అతికించిన జిగురు కాలిపోతుంది.

తెల్ల కాగితం మీద కంపాస్‌తో 11 సెంటీమీటర్ల వెడల్పు వృత్తం గీసి, అట్ట మీద అంటించండి. 700 మి.మీ. టెలిస్కోప్, 25 మి.మీ. ఐపీస్ అయితే ఐపీస్ నుంచి 45 సెంటీమీటర్ల దూరంలో, అంటే ఒకటిన్నర అడుగు దూరంలో పట్టుకుంటే సూర్యుడు ఆ వృత్తంలో సరిగ్గా పడతాడు. నాబ్ తిప్పుతూ కాగితం మీది అంచు సన్నగా తెగేలా చేయండి. కాగితం దూరం మారిస్తే ఫోకస్ కూడా మారుతుంది, అందుకని కాగితాన్ని కుర్చీకో స్టాండుకో ఆనించండి. ఇంకో పెద్ద అట్టకు కన్నం చేసి గొట్టానికి తొడిగితే, దాని నీడలో బొమ్మ బాగా తేలుతుంది.

11 సెంటీమీటర్లు ఎందుకంటే, సూర్యుడి వెడల్పు భూమికి 109 రెట్లు. అంటే ఈ కాగితం మీద భూమి ఒక్క మిల్లీమీటరు. బాల్‌పెన్‌తో వృత్తం బయట ఒక చుక్క పెట్టి ‘ఇది మనం’ అని పిల్లలకు చెప్పండి. తర్వాత మచ్చను ఆ చుక్క పక్కన పోల్చమనండి. ఒక స్కూలు ఆవరణలో ఇలా చూపించినప్పుడు అయిదో తరగతి అమ్మాయి చాలాసేపు ఆ చుక్కనే చూసి, ‘మా ఊరు కూడా ఇందులోనే ఉందా సార్?’ అని అడిగింది.

ఇక్కడే పెన్సిల్‌తో మచ్చలు గీసేయండి. తేదీ, టైము రాయండి, సూర్యుడు జారే వైపు పడమర అని బాణం వేయండి. రేపు అదే సమయానికి మళ్ళీ గీస్తే మచ్చ పక్కకి జరిగి ఉంటుంది. ఈ అంచు నుంచి ఆ అంచుకు వెళ్ళడానికి దానికి సుమారు 13 రోజులు పడుతుంది. కొడైకెనాల్ అబ్జర్వేటరీలో నూరేళ్ళకు పైగా సూర్యుణ్ణి రోజూ ఫొటో తీస్తూ వస్తున్నారు. 1909లో ఖగోళ శాస్త్రవేత్త జాన్ ఎవర్షెడ్ మచ్చల్లోంచి వాయువు బయటికి పారుతోందని కనిపెట్టింది అక్కడే.

కనిపించనివి

ఫిల్మ్ ఫిల్టర్‌తో మచ్చలు కనిపిస్తాయి, అంచు దగ్గర తెల్లటి పాయలు కనిపిస్తాయి. ఫొటోల్లో చూసే ఎర్రటి మంటలు, అంచు మీద లేచే జ్వాలలు కనిపించవు. వాటికి హైడ్రోజన్ ఎరుపు వెలుగును మాత్రమే వదిలే ప్రత్యేకమైన టెలిస్కోప్ కావాలి, ఖరీదు బాగా ఎక్కువ. ఆ జ్వాలల కథలో మన గుంటూరుకు చోటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. జ్వాలల వెలుగు గీతలు అంత ప్రకాశంగా ఉండటం చూసి, గ్రహణం లేకుండా కూడా వీటిని చూడొచ్చని అనుకుని, మర్నాడు అక్కడే చూశాడు కూడా. ఆ ఏడాది ఆ జ్వాలల వెలుగులో బయటపడిన పసుపు గీతకే తర్వాత హీలియం అని పేరు పెట్టారు. భూమి మీద హీలియం దొరికింది 1895లో.

మీ ఫిల్టర్‌ని జాగ్రత్తగా దాచుకుంటే గ్రహణాలకే కాదు, 2032 నవంబరు 13న బుధుడు సూర్యుడి ముందు నుంచి దాటే రోజుకూ పనికొస్తుంది. అది మన దేశం నుంచి కనిపిస్తుంది. బుధుడు చాలా చిన్న చుక్క కాబట్టి టెలిస్కోప్ లేకుండా కనపడడు, ఫోకస్ కాస్త తప్పినా కనపడడు.

ఫోన్‌తో ఫొటో

ముందు కంటితో ఫోకస్ కుదుర్చుకుని, తర్వాతే ఫోన్ పెట్టండి. ఫోన్ పట్టుకునే క్లిప్పు ఉంటే మంచిది, చేత్తో పట్టుకుంటే కష్టం. తెర మీద సూర్యుడి అంచును నొక్కి పట్టుకుంటే ఫోకస్ లాక్ అవుతుంది. తర్వాత వెలుతురు గీతను కిందికి లాగండి, తెల్లటి బిళ్ళలో మచ్చలు తేలేదాకా. మూడు సెకన్ల టైమర్ పెట్టి తీయండి. పది ఫొటోల్లో ఒకటి బాగుంటుంది.

తీసేటప్పుడు

చూడటం అయ్యాక తొందరలో ముందు ఫిల్టర్ ఊడదీస్తారు. క్రమం మార్చకండి. ముందు గొట్టాన్ని సూర్యుడి నుంచి దూరంగా, నేల వైపు తిప్పండి. ఐపీస్ తీసేయండి. ఆ తర్వాత టేపు విప్పి ఫిల్టర్ తీసి, వెంటనే మూత వేయండి. మధ్యలో ఫోన్ మోగినా, కింద గ్యాస్ బండి వచ్చినా, టెలిస్కోప్‌ను సూర్యుడి వైపు వదిలి ఒక్క అడుగు కూడా వెళ్ళొద్దు. వెళ్ళాల్సి వస్తే గొట్టాన్ని నేలకు వంచి, మూత వేసి వెళ్ళండి.

ఫిల్టర్‌ని గుడ్డతో తుడవకండి. దుమ్ము పడితే నోటితో కాకుండా గాలి బుడ్డితో ఊదండి. పాత స్వీటు డబ్బాలో కింద టిష్యూ పరిచి, ఫిల్మ్ పైకి ఉండేలా పెట్టి, పైన ఏ బరువూ ఆనకుండా మూత వేయండి. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ‘5.0, కంటితో చూడటానికి’ అని రాసి, పిల్లలకు అందని అలమారులో పెట్టండి.